దుబాయ్ కాల్ ఖరీదు, అమెరికా కాల్ చౌక: ఇంటర్నెట్ ఫోన్ లెక్కలు ఎలా నడుస్తాయి?

హైదరాబాద్ నుంచి దుబాయ్ గట్టిగా 2,500 కిలోమీటర్లు ఉంటుంది. న్యూజెర్సీ దాదాపు 13,000. అయినా నిమిషానికి ఎక్కువ డబ్బులు పడేది దుబాయ్ నంబరుకే. ఇంటర్నెట్ మీదుగా మామూలు ఫోన్ నంబర్లకు కాల్ కలిపే యాప్‌ల రేట్లు చూసినా ఇదే వరస. అమెరికాకు నిమిషానికి ఒకటి రెండు సెంట్లు ఉంటే దుబాయ్ ఉన్న యూఏఈకి దానికి ఎన్నో రెట్లు. దూరం పెరిగితే చార్జీ పెరుగుతుందన్న ఎస్టీడీ బూత్ కాలం నాటి లెక్కతో చూస్తే ఇది పూర్తిగా తలకిందుల వ్యవహారం.

ఈ మధ్య దీనికి మరికొంత గందరగోళం తోడైంది. 2025 మే 5న స్కైప్ మూతపడింది. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉంటూ, ఊళ్లో ఉన్న పెద్దవాళ్ల ల్యాండ్‌లైన్‌కో కీప్యాడ్ ఫోన్‌కో స్కైప్ నుంచి రింగ్ చేసేవాళ్లు కొత్త దారి వెతుక్కోవాల్సి వచ్చింది. అదే ఏడాది నవంబరులో మన టెలికాం శాఖ వాట్సాప్ లాంటి యాప్‌లను సిమ్‌తో ముడిపెట్టాలని ఆదేశాలిచ్చింది. వాట్సాప్ ఉండగా కాల్‌కి డబ్బులు కట్టడం ఏమిటని ఒకరు, దుబాయ్‌లో వాట్సాప్ కాల్ కలిస్తే కదా అని మరొకరు. ఇద్దరూ చెప్పేది నిజమే. కాకపోతే ఇద్దరూ మాట్లాడుతున్నది వేర్వేరు సేవల గురించి.

## పేరు ఒకటే, సేవలు మూడు

ఇంటర్నెట్ ఫోన్ అంటే, మన మాటను అంకెల్లోకి మార్చి, చిన్న చిన్న ప్యాకెట్లుగా కత్తిరించి, ఈమెయిల్, ఫొటో వెళ్లే దారిలోనే పంపడం. దీన్నే వీఓఐపీ అంటారు. పాత ఫోన్ పద్ధతిలో ఇద్దరు మాట్లాడుతున్నంతసేపూ వాళ్ల కోసం ఒక లైను ఆసాంతం కేటాయించి ఉంచేవారు. ఇద్దరూ మౌనంగా కూర్చున్నా లైను వాళ్లదే, మీటరు తిరుగుతూనే ఉండేది. ప్యాకెట్ల పద్ధతిలో అదే తీగ మీద వేలమంది మాటలు కలిసి వెళతాయి కాబట్టి ఒక్కో కాల్‌కయ్యే ఖర్చు బాగా పడిపోయింది.

అయితే టెక్నాలజీని బట్టి రేటు తేల్చుకుందామంటే ముందుకు వెళ్లలేం. జియో 2016లో వచ్చిందే పూర్తిగా ఇంటర్నెట్ ప్యాకెట్ల మీద నడిచే నెట్‌వర్క్‌తో. 4జీ ఫోన్‌లో మనం మామూలు కాల్ అనుకునేది కూడా లోపల ప్యాకెట్లే. తేడా అంతా కాల్ ఎక్కడ మొదలై ఎక్కడ దిగుతుంది, మధ్యలో ఎవరి చేతిలోంచి వెళుతుంది అన్నదాంట్లో ఉంది.

మొదటి రకంలో రెండు వైపులా ఒకే యాప్ ఉంటుంది. వాట్సాప్ నుంచి వాట్సాప్‌కి, ఫేస్‌టైమ్ నుంచి ఫేస్‌టైమ్‌కి. ఫోన్ నంబరు ఇక్కడ గుర్తింపు కోసమే, కాల్ టెలిఫోన్ నెట్‌వర్క్‌లోకి దిగదు. రెండో రకంలో ఒకవైపు యాప్ ఉంటే రెండోవైపు మామూలు ఫోన్ నంబరు ఉంటుంది. స్కైప్ పెయిడ్ కాల్స్, గూగుల్ వాయిస్, అమెరికాలోని వోనేజ్ లాంటివి ఈ కోవలోవి. అవతలివాళ్లకి స్మార్ట్‌ఫోన్, డేటా ఏవీ అక్కర్లేదు. కీప్యాడ్ ఫోన్‌లో బ్యాటరీ ఉంటే చాలు. మూడోది వైఫై కాలింగ్. దీంట్లో కొత్త యాప్ ఉండదు. మన సిమ్ కంపెనీ కాలే టవర్‌కి బదులు ఇంట్లోని వైఫై మీదుగా వెళుతుంది.

చాలామంది మొదటిదాన్నీ రెండోదాన్నీ ఒకే గాటన కట్టేస్తారు. డబ్బుల విషయంలో ఈ రెంటికీ పోలికే లేదు.

## మీటరు తిరిగేది ఎక్కడ?

యాప్ నుంచి బయల్దేరిన కాల్ సముద్రాలు దాటి ముంబయికో చెన్నైకో చేరేవరకు అయ్యే ఖర్చు చాలా తక్కువ. అసలు ఖర్చు చివరి అడుగు దగ్గర, ఇంటర్నెట్‌లోంచి బయటికొచ్చి ఎయిర్‌టెల్, జియో, బీఎస్ఎన్ఎల్ లాంటి కంపెనీ నంబరు మీద రింగ్ అయ్యే చోట మొదలవుతుంది. తన కస్టమరు దాకా కాల్‌ను చేర్చినందుకు ఆ కంపెనీ వసూలు చేసేదే టెర్మినేషన్ చార్జీ. మీరు ఎంత దూరం నుంచి వచ్చారన్నది టోల్‌గేటుకు పట్టదు. గేటు దాటితే రుసుము కట్టాలి, అంతే. ఆ రుసుమును నిర్ణయించేది ఆయా దేశాల నియంత్రణ సంస్థలు, లేదా అక్కడి కంపెనీల గుత్తాధిపత్యం.

దేశం లోపలి కాల్స్ సంగతి ముందు చూద్దాం. ఎయిర్‌టెల్ నుంచి జియోకి కాల్ వెళితే ఎయిర్‌టెల్ జియోకి కొంత కట్టాలి. ఇది నిమిషానికి 14 పైసలుగా ఉండేది. మన టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2017 అక్టోబరు 1 నుంచి 6 పైసలకు తగ్గించింది. 2019 అక్టోబరులో జియో వేరే నెట్‌వర్క్‌లకు చేసే కాల్స్ మీద నిమిషానికి 6 పైసలు వసూలు మొదలుపెట్టి, ఫ్రీ అన్నారు కదా అని జనం చేత తిట్లు తిన్నది గుర్తుండే ఉంటుంది. ఆ 6 పైసలు ఇవే. 2021 జనవరి 1 నుంచి ఈ చార్జీ సున్నా అయింది. అన్‌లిమిటెడ్ కాల్స్ ఇవ్వడం ఇప్పుడు కంపెనీలకు భారం కాకపోవడానికి ఇదొక కారణం.

విదేశాల నుంచి వచ్చే కాల్స్‌కి మాత్రం గేటు వేరు. అక్కడ నిమిషానికి 53 పైసలుగా ఉన్న టెర్మినేషన్ చార్జీని 2018 ఫిబ్రవరి నుంచి 30 పైసలకు తగ్గించారు. 2020 మే నుంచి 35 పైసలకు తగ్గకుండా, 65 పైసలకు మించకుండా కంపెనీలే నిర్ణయించుకోవచ్చన్నారు.

తగ్గించాలా పెంచాలా అన్న వాదన అప్పట్లో గట్టిగానే నడిచింది. డబ్బు వచ్చేది విదేశీ కంపెనీల నుంచి, అదీ డాలర్లలో, దాన్ని తగ్గించుకుని మన కంపెనీలు ఎందుకు నష్టపోవాలి అన్నది ఆపరేటర్ల మాట. ఆ డాలర్లు చివరికి కట్టేది విదేశాల్లో ఉన్న మనవాళ్లే కదా, పైగా చార్జీ ఎక్కువైతే దొంగదారి కాల్స్ పెరుగుతాయి అన్నది రెండోవైపు మాట. రెంటిలోనూ పస ఉంది. దొంగదారి సంగతి కాసేపట్లో చూద్దాం.

## ఒక నెల లెక్క

న్యూజెర్సీలో ఉండే కొడుకు కరీంనగర్‌లోని తల్లికి రోజూ అరగంట ఫోన్ చేస్తాడనుకుందాం. నెలకు 900 నిమిషాలు. తల్లి దగ్గర ఉన్నది కీప్యాడ్ ఫోన్. కొడుకు వాడే సేవలో ఇండియాకు నిమిషానికి ఒక సెంటు. నెలకు 9 డాలర్లు. డాలరును 88 రూపాయలుగా తీసుకుంటే 792 రూపాయలు. టెర్మినేషన్ చార్జీ 65 పైసల చొప్పున 900 నిమిషాలకు 585 రూపాయలు మన దేశపు ఆపరేటరుకు పోతాయి. మిగిలిన 207 రూపాయల్లోనే కాల్‌ను మోసుకొచ్చిన కంపెనీల ఖర్చులు, లాభాలు, పన్నులు అన్నీ సర్దుకోవాలి. అంటే బిల్లులో దాదాపు మూడొంతులు చివరి అడుగుకే అయిపోయింది.

తల్లికి స్మార్ట్‌ఫోన్ కొనిచ్చి వాట్సాప్ పెడితే? ఒక్కో వైపు సెకనుకు 40 కిలోబిట్ల చొప్పున వెళుతుందనుకుంటే, రెండు వైపులా కలిపి సెకనుకు 10 కేబీ. నిమిషానికి 600 కేబీ. 900 నిమిషాలకు 540 ఎంబీ. రోజుకు 1.5 జీబీ ఇచ్చే ప్యాక్ ఉన్నవాళ్లకి ఈ నెల మొత్తం వాడకం ఒక్క రోజు కోటాలో సగం కూడా కాదు. వీడియో కాల్ అయితే కథ మారుతుంది. ఒక్కో వైపు 500 కిలోబిట్లు అనుకున్నా గంటకు 450 ఎంబీ అవుతుంది. మనవడి మొహం చూస్తూ కూర్చుంటే ఆ 1.5 జీబీ మూడు గంటల ఇరవై నిమిషాల్లో ఖాళీ.

నా ఉద్దేశంలో ఇక్కడ డబ్బు కంటే పెద్ద విషయం ఆ తల్లి సౌకర్యం. కళ్లు సరిగా కనపడని మనిషి టచ్ స్క్రీన్ మీద పచ్చ గుండ్రాన్ని పైకి జరపడం అనుకున్నంత తేలిక కాదు. చాలా ఇళ్లలో 9 డాలర్లు కొని ఇచ్చేది ఆ నిశ్చింతనే. వోనేజ్ 2009లో నెలకు 24.99 డాలర్లకు ఇండియా సహా అరవైకి పైగా దేశాలకు అన్‌లిమిటెడ్ కాల్స్ అన్నప్పుడు మనవాళ్లు ఎగబడి తీసుకున్నదీ ఇందుకే. స్కైప్ మూతపడ్డాక యూజర్లను మైక్రోసాఫ్ట్ ఉచిత టీమ్స్‌కి మళ్లమంది. కానీ మామూలు నంబరుకు రింగ్ చేసే సదుపాయం అందులో స్కైప్‌లోలా రాలేదు.

ఇక మొదట్లో అడిగిన అమెరికా-దుబాయ్ ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే దొరుకుతుంది. అమెరికాలో టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 2011లోనే టెర్మినేషన్ చార్జీలను దశలవారీగా తీసేసి, ఎవరి ఖర్చు వాళ్ల కస్టమర్ల దగ్గరే రాబట్టుకోవాలన్న పద్ధతి తెచ్చింది. గేటు దాదాపు తెరిచేసినట్టే. యూఏఈలో ఉన్నవి రెండే రెండు పెద్ద ఆపరేటర్లు, గేటు రుసుము ఎక్కువ. మధ్యలో ఉన్న సముద్రం ఎంతన్నది రేటులో కనపడనే కనపడదు.

## మరీ చౌకగా ఇస్తున్నారంటే

పై లెక్కతో ఒక సంగతి తేలిపోతుంది. భారతీయ నంబరుకు వచ్చే ప్రతి నిమిషానికీ నికరంగా 35 నుంచి 65 పైసలు కట్టాల్సిందే. ఎవరైనా అంతకన్నా తక్కువకు ఇస్తున్నారంటే మూడే దారులు. వేరేచోట వచ్చే లాభంతో దీన్ని పూడ్చుకుంటూ ఉండాలి, లేదా బోర్డు మీద రాసిన నిమిషాలు అందులో లేకపోవాలి, లేదా గేటు పక్కనుంచి సందు తొవ్వి ఉండాలి.

రెండో దారికి పేరు మోసినవి కాలింగ్ కార్డులు. అమెరికాలోని ఇండియన్ స్టోర్లలో కౌంటరు పక్కన రంగురంగుల కార్డులు వేలాడుతుండేవి. గీకితే పిన్ నంబరు. ముందు టోల్‌ఫ్రీ నంబరు, ఆ తర్వాత పిన్, ఆ తర్వాత 011 91 కొట్టి అసలు నంబరు. వెనకవైపు చీమ తలకాయంత అక్షరాల్లో షరతులు. ఉదాహరణకు 5 డాలర్ల కార్డు, నిమిషానికి ఒక సెంటు, అంటే 500 నిమిషాలని బొమ్మ. షరతుల్లో మాత్రం కాల్ కలిసిన ప్రతిసారీ 49 సెంట్ల కనెక్షన్ ఫీజు, మూడు నిమిషాల చొప్పున లెక్క. మీరు 7 నిమిషాలు మాట్లాడితే 9 నిమిషాలకు 9 సెంట్లు, ఫీజుతో కలిపి 58 సెంట్లు. ఎనిమిది కాల్స్‌కి 4.64 డాలర్లు. మిగిలిన 36 సెంట్లు కనెక్షన్ ఫీజుకే చాలవు. 500 నిమిషాల కార్డుతో మాట్లాడింది 56 నిమిషాలు. ఈ అంకెలు నేను ఉదాహరణకు వేసినవే కానీ తంతు ఇదే. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2008లో ఇలాంటి కార్డు కంపెనీల మీద కేసులు వేసింది. కార్డులు దాదాపు పోయాయి కానీ యాప్‌లలో కనెక్షన్ ఫీజు, ఇన్ని రోజుల్లో వాడకపోతే బ్యాలెన్స్ గోవిందా లాంటి కొసరు షరతులు అక్కడక్కడా బతికే ఉన్నాయి.

మూడో దారి సిమ్ బాక్స్. విదేశం నుంచి ఇంటర్నెట్ మీద వచ్చిన కాల్‌ను లైసెన్సున్న గేట్‌వేకి పంపకుండా ఏ అద్దె గదిలోనో పెట్టిన ఒక పెట్టెలోకి దింపుతారు. దాంట్లో పదుల కొద్దీ లోకల్ సిమ్‌లుంటాయి. వాటిలో ఒకదాని నుంచి మీ ఫోన్‌కి లోకల్ కాల్‌గా రింగ్ అవుతుంది. దేశీయ టెర్మినేషన్ సున్నా, సిమ్‌లో అన్‌లిమిటెడ్ ప్యాక్. కట్టాల్సిన 65 పైసలూ పెట్టె పెట్టినవాడి జేబులోకి. ఒక్కో సిమ్ రోజుకు పది గంటలు పనిచేస్తే 600 నిమిషాలు, 390 రూపాయలు. 32 సిమ్‌ల పెట్టె రోజుకు 12,480 రూపాయలు మిగిల్చే యంత్రం అన్నమాట. హైదరాబాద్‌లో కూడా ఇలాంటి అడ్డాల మీద పోలీసు దాడులు పలుమార్లు జరిగాయి.

మనకు దీని ఆనవాలు ఒకటే. డల్లాస్ నుంచి అక్క ఫోన్ చేస్తే తెర మీద +1 రావాల్సింది పోయి, ఎప్పుడూ చూడని భారతీయ మొబైల్ నంబరు కనపడుతుంది. తిరిగి చేస్తే స్విచ్చాఫ్. ఆమె చేసిన తప్పేమీ లేదు, ఆమె యాప్ కాల్‌ను ఎటు పంపిందో ఆమెకి కూడా తెలియదు. కాకపోతే విదేశీ కాల్‌ను లోకల్ నంబరుగా మార్చి చూపించే కిటుకునే డిజిటల్ అరెస్టు ముఠాలూ వాడుకుంటున్నాయి. +91తో నకిలీగా వచ్చే అంతర్జాతీయ కాల్స్‌ను ఆపేందుకు టెలికాం శాఖ 2024 అక్టోబరులో ఒక వ్యవస్థను ప్రారంభించింది. మొదలైన 24 గంటల్లోనే కోటీ 35 లక్షల కాల్స్‌ను అడ్డుకున్నట్టు ప్రభుత్వం ప్రకటించింది. అది నకిలీ నంబరుతో బయటినుంచి వచ్చేవాటి మీద పనిచేస్తుంది. సిమ్ బాక్స్ కాల్ నిజమైన లోకల్ సిమ్ నుంచే వస్తుంది కాబట్టి దాన్ని పట్టుకోవడం వేరే పని.

## దుబాయ్‌లో వాట్సాప్ కాల్ ఎందుకు కలవదు?

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు నుంచీ, కడప, గోదావరి జిల్లాల నుంచీ గల్ఫ్‌కి, అందులోనూ యూఏఈకి వెళ్లినవాళ్ల ఇళ్లలో దీనికి వివరణ అక్కర్లేదు. వాట్సాప్‌లో మెసేజ్ వెళుతుంది, వాయిస్ నోట్ వెళుతుంది, కాల్ మాత్రం కలవదు. యూఏఈలో ఇంటర్నెట్ కాల్స్ సేవ ఇవ్వాలంటే అక్కడి నియంత్రణ సంస్థ అనుమతి ఉండాలి. ఎటిసలాట్, డు అనే రెండు కంపెనీలకు లైసెన్సు ఉంది. వాటి ప్యాకేజీ తీసుకుంటే బోటిమ్ లాంటి అనుమతి ఉన్న యాప్‌లలో కాల్ చేసుకోవచ్చు. 2018లో ఈ ప్యాకేజీ మొబైల్‌కి నెలకు 50 దిర్హమ్‌లుగా మొదలైంది. దిర్హమ్ 24 రూపాయలనుకుంటే 1,200 రూపాయలు.

పైన వేసిన నెల లెక్క పక్కన దీన్ని పెట్టి చూడండి. న్యూజెర్సీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగి తల్లి కీప్యాడ్ ఫోన్‌కి నెలంతా మాట్లాడినా 792 రూపాయలు. దుబాయ్‌లో తాపీ పని చేసే మనిషి భార్యతో యాప్‌లో మాట్లాడటానికి, ఆమె దగ్గర కూడా అదే యాప్ ఉండి, డేటా ఉండి, 2018 నాటి ఆ రేటుతో 1,200 రూపాయలు. ఇంటర్నెట్ దూరాన్ని చెరిపేసిందన్న మాట ఎవరి విషయంలో నిజమో దీన్ని బట్టే తెలుస్తుంది.

దీనికి అక్కడి వాదన అక్కడుంది. నెట్‌వర్క్ వేసింది లైసెన్సు ఫీజు కట్టిన కంపెనీలు, వాటి ఆదాయానికి గండి కొట్టేలా బయటి యాప్‌లు ఉచితంగా కాల్స్ ఇస్తే ఎలా అని. నియంత్రణలో లేని సేవలు భద్రతకు ముప్పన్న మాటా ఉంది. ఎదుటి వాదన చూపించేది సౌదీని. ఇంటర్నెట్ కాల్స్ మీద నిషేధాన్ని ఆ దేశం 2017 సెప్టెంబరులో సడలించింది. వ్యాపారాలు రావాలంటే సమాచార ఖర్చు తగ్గాలన్నది ఆనాడు చెప్పిన కారణాల్లో ఒకటి.

వేరే దేశం నుంచి నెట్ వాడుతున్నట్టు చూపించే వీపీఎన్ పెట్టుకుంటే కలుస్తుంది కదా అని పక్క బెడ్డు మీది మిత్రుడు చెబుతాడు. యూఏఈలో వీపీఎన్ వాడటమే నేరం కాదు. కంపెనీలు, బ్యాంకులు వాడుతూనే ఉన్నాయి. నేరం చేయడానికో, చేసిన నేరాన్ని దాచడానికో వాడితే చట్టంలో 5 లక్షల నుంచి 20 లక్షల దిర్హమ్‌ల జరిమానా ఉంది. అనుమతి లేని కాల్ సేవ కోసం వాడటం దీని కిందికి వస్తుందా అన్నదే అక్కడివాళ్ల టెన్షన్. అంత పెద్ద అంకె పక్కన ఉన్నప్పుడు 50 దిర్హమ్‌లు మిగుల్చుకోవడం ఎంతవరకు గిట్టుబాటు అన్నది ఎవరి లెక్క వాళ్లది.

## వైఫై కాలింగ్: సిమ్ ఏ దేశానిది?

సెలవులకు విజయవాడ వచ్చిన అమెరికా వాసి తన క్రెడిట్ కార్డు కంపెనీకి ఫోన్ చేయాలి. 40 నిమిషాలు హోల్డులో పెడతారని ముందే తెలుసు. అమెరికా సిమ్‌లో వైఫై కాలింగ్ ఆన్ చేసి, ఇంట్లో వైఫై మీద చేస్తే అక్కడి పెద్ద కంపెనీలు దాన్ని సాధారణంగా అమెరికా లోపలి కాల్‌గానే లెక్కేస్తాయి. పైసా పడదు. మధ్యలో కరెంటు పోయి వైఫై ఆగి, ఫోన్ ఇక్కడి టవర్ పట్టుకుంటే అది రోమింగ్. నిమిషానికి 25 సెంట్లు అనుకుంటే 40 నిమిషాలకు 10 డాలర్లు. అందుకే తెలిసినవాళ్లు ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి వైఫై ఒక్కటే ఆన్ చేస్తారు. అదే ఫోన్ నుంచి పక్క వీధిలోని మేనమామ నంబరుకు చేశారో, అది అమెరికా నుంచి ఇండియాకు చేసిన అంతర్జాతీయ కాల్. మనిషి ఎక్కడున్నాడన్నది లెక్కలోకి రాదు, సిమ్ ఏ దేశానిది, నంబరు ఏ దేశానిది అన్నవే వస్తాయి.

భారతీయ సిమ్‌తో విదేశాలకు వెళ్లినవాళ్లకు ఇదే సదుపాయం ఉంటుందా అంటే కంపెనీకో తీరు, ప్యాక్‌కో షరతు.

## ఇద్దరూ ఒకేసారి మాట్లాడటం ఎందుకు?

"చెప్పు... లేదు నువ్వే చెప్పు..." అమెరికా కాల్స్‌లో ఈ తంతు అందరికీ అనుభవమే. గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు వెళుతుంది. 13,000 కిలోమీటర్లకు 65 మిల్లీ సెకన్లు. కేబుళ్లు తిన్నగా ఉండవు, ఖండాల అంచుల వెంట తిరిగి తిరిగి వెళతాయి కాబట్టి 100 వేసుకుందాం. మాటను ప్యాకెట్లుగా కట్టడానికి 20. ఒకదాని వెనక ఒకటి వచ్చే ప్యాకెట్లు వరస తప్పితే సర్దడానికి అవతల కాసేపు ఆపి ఉంచుతారు, దానికి 40 నుంచి 60. ఇంటి వైఫై, మొబైల్ టవర్ తలా కొంత. మొత్తం 180 దాటిపోతుంది. ఒకవైపు ఆలస్యం 150 మిల్లీ సెకన్ల లోపుంటే సంభాషణ సాఫీగా సాగుతుందని అంతర్జాతీయ టెలికాం సమాఖ్య ప్రమాణం. ఆ గీత దాటగానే, అవతలివాళ్లు ఆగారనుకుని మనం అందుకుంటాం, వాళ్లు అప్పటికే మొదలుపెట్టేసి ఉంటారు.

డబ్బులు కట్టే సేవకు మారినా ఈ ఆలస్యం తగ్గదు. 2025 సెప్టెంబరులో ఎర్రసముద్రంలో జెద్దా దగ్గర కేబుళ్లు తెగినప్పుడు ట్రాఫిక్ చుట్టుదారి పట్టి మన దేశంలోనూ నెట్ నెమ్మదించింది. అలాంటి రోజుల్లో ఉచిత కాల్, పెయిడ్ కాల్ రెండూ సముద్రం దాటాల్సింది ఆ మిగిలిన కేబుళ్ల మీదే.

## ఒకే పని, ఒకే రూలు అంటే?

2014 డిసెంబరులో ఎయిర్‌టెల్, ఇంటర్నెట్ కాల్స్‌కి వాడే డేటాను మామూలు ప్యాక్‌లోంచి తీసేసి, 3జీలో ప్రతి 10 కేబీకి 4 పైసలు వేస్తామంది. మన లెక్క ప్రకారం సెకనుకు 10 కేబీ కాబట్టి సెకనుకు 4 పైసలు, నిమిషానికి 2 రూపాయల 40 పైసలు. మామూలు ఫోన్ కాల్ కంటే ఎక్కువ! జనం భగ్గుమన్నారు. కొద్ది రోజుల్లోనే కంపెనీ వెనక్కి తగ్గింది. 2015 మార్చిలో ట్రాయ్ అభిప్రాయాలు అడిగితే పది లక్షలకు పైగా ఈమెయిళ్లు వెళ్లాయి. 2016 ఫిబ్రవరిలో, ఏ పనికి వాడుతున్నారన్నదాన్ని బట్టి డేటాకు వేర్వేరు రేట్లు వేయకూడదని నిబంధన వచ్చింది.

అసలు తగవు మాత్రం అక్కడితో తీరలేదు. టెలికాం కంపెనీలు అడిగేది ఇది: స్పెక్ట్రమ్‌కు వేల కోట్లు పోసి, లైసెన్సు ఫీజు కట్టి, పోలీసులు అడిగితే కాల్ వివరాలిచ్చి మేం చేసే పనినే యాప్‌లు ఏ బాధ్యతా లేకుండా చేస్తుంటే, ఒకే పనికి ఒకే రూలు వద్దా? యాప్‌ల జవాబు: వాడేవాళ్లు డేటాకు మీకు డబ్బులు కడుతూనే ఉన్నారు, మా వల్లే మీ డేటా అమ్ముడుపోతోంది. 2020లో ట్రాయ్ ప్రస్తుతానికి జోక్యం అక్కర్లేదంది. 2023లో మళ్లీ అదే చర్చ తెరిచింది.

ఈ గీత మన దేశంలో ఎక్కడుందో స్కైప్ చరిత్ర చూస్తే అర్థమవుతుంది. 2002 ఏప్రిల్‌లో ఇంటర్నెట్ కాల్స్‌కి అనుమతిచ్చినప్పుడు యాప్ నుంచి యాప్‌కి, ఇక్కడి కంప్యూటర్ నుంచి విదేశీ ఫోన్‌కి చేయొచ్చన్నారు. దేశం లోపలి ఫోన్ నంబర్లకు మాత్రం కుదరదన్నారు. స్కైప్ కూడా 2014 నవంబరులో ఇండియా నుంచి ఇండియా నంబర్లకు కాల్స్ ఆపేసింది. 2018లో లైసెన్సున్న కంపెనీలకు ఆ గీత చెరిపేశారు. ఆ ఏడాదే బీఎస్ఎన్ఎల్ వింగ్స్ పేరుతో యాప్ నుంచి ఏ నంబరుకైనా చేసుకునే సేవ ప్రకటించింది. ఇంతలో జియో పుణ్యమా అని దేశీయ కాల్స్ ఎటూ ఉచితమైపోయాయి. అనుమతి వచ్చేసరికి అవసరం తీరిపోయింది.

బాధ్యతల మాటకొస్తే, అత్యవసర నంబరు 911కి కాల్ కలిసేలా చూడాలని ఫోన్ నంబర్లతో పనిచేసే ఇంటర్నెట్ సేవలను అమెరికా 2005లోనే ఆదేశించింది. మన దగ్గర వాట్సాప్ నుంచి 112కి ఫోన్ చేయలేం, దానికి మామూలు ఫోనే దిక్కు.

2025 నవంబరు నాటి సిమ్ ఆదేశాన్ని కూడా ఈ వరసలోనే చూడాలి. ఏ సిమ్ నంబరుతో యాప్‌లో చేరారో ఆ సిమ్ ఎప్పుడూ ఫోన్‌లో ఉండాలి, వెబ్ వెర్షన్ ఆరు గంటలకోసారి లాగౌట్ కావాలి అన్నవి అందులోని ముఖ్యాంశాలు. విదేశాల్లో కూర్చుని భారతీయ నంబర్లతో మోసాలు చేసేవాళ్లను అడ్డుకోవడానికన్నది ప్రభుత్వం చెప్పే కారణం. టెలికాం కంపెనీలు స్వాగతించాయి. మామూలు యూజర్లకు ఇబ్బంది, మోసగాళ్లు వేరే దారి చూసుకుంటారు అన్నది విమర్శ. గల్ఫ్‌లోనో అమెరికాలోనో దిగగానే లోకల్ సిమ్ వేసుకుని, పాత ఇండియా సిమ్‌ను పర్సులో పడేసి, వాట్సాప్ మాత్రం ఆ పాత నంబరుతోనే నడుపుకునేవాళ్లు మన ఊళ్ల నుంచి ఎందరో. రెండు సిమ్‌ల ఫోన్ ఉన్నవాళ్లు దాన్ని రెండో స్లాట్‌లో వేసి, రీచార్జి అయిపోకుండా చూసుకుంటే సరిపోవచ్చు. ఒకే స్లాట్ ఫోన్ ఉన్నవాళ్లు వాట్సాప్‌ను అక్కడి నంబరుకు మార్చుకుని, ఆ కొత్త నంబరు ఇంట్లో అందరికీ చెప్పుకోవాలి.